హల్కా గాడీకి సీటు కుట్టిన సంగతి

దగ్గరికి జరగండి పిల్లలూ. ఆ మూల నుంచి వింటే ఫ్యాను చప్పుడుకి సగం మాటలే చేరతాయి. చాప మీద చోటుంది. గోడకు ఆనుకోండి, కాళ్లు చాపుకోండి. కూర్చోవడం తెలియనివాడు సీటు కుట్టలేడు.

నా పేరు నర్సమ్మ. దేవసూగూరు రోడ్డు మీద థర్మల్ కరెంటు ప్లాంటు కాలనీ గేటు దగ్గర నేను, మా ఆయన బాలప్ప కుషన్ షాపు నడిపాం. ఊళ్లో పొగగొట్టాలు లేచిన కొత్తలో మొదలుపెట్టి, వేళ్ల కీళ్లు కత్తెరను పట్టుకోనన్నప్పుడు ఆపేశాను. జీపులు, అంబాసిడర్లు, ట్రాక్టర్లు, కాలనీ సార్ల చిన్న కార్లు అన్నీ మా చేతి కిందికి వచ్చాయి. బడి చదువు నాకు పెద్దగా లేదు. కానీ ఏ సీటు కింద ఏం దొరికిందో అడగండి, చెప్తాను. మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి కొంచెం చెప్పి పోతే నాకూ నిమ్మళం.

సీటు కింద ఊరు ఉంటుంది

మాకు పని నేర్పింది రాయచూరులో ఖాసిం ఉస్తాదు. కుట్టు వంకర పోతే బ్లేడుతో మొత్తం విప్పి మొహాన వేసేవాడు. కుట్టు బాగా వస్తే, చేయించుకోవడానికి వచ్చిన గిరాకీతో "నా చెయ్యి చూడండి" అనేవాడు. పనిదొంగ కాదు, మెప్పుదొంగ. అలాంటి ఉస్తాదులు మీకూ తగులుతారు. పని తీసుకోండి, మెప్పు వాళ్లకే వదిలేయండి. మెప్పుతో దారం కూడా రాదు.

ఆయన చెప్పిన ఒక్క మాట మాత్రం నా చేతిలో చివరిదాకా ఉంది. "సీటు మీద అందరూ చూస్తారు. నువ్వు సీటు కింద చూడు."

నిజమే. సీటు విప్పితే బండి ఏ ఊళ్లో బతికిందో తెలుస్తుంది. మా కాలనీ బండి అయితే సిమెంటు రంగు బూడిద, ఎంత దులిపినా రెక్సిన్ మడతల్లోంచి వస్తూనే ఉంటుంది. కాలువ కింది ఊళ్లదైతే ఊక. మస్కి వైపుదైతే నల్లమట్టి, జొన్న గింజలు. ఒకసారి ఒకాయన జీపు తెచ్చి, డాక్టరు గారి బండి, ఆసుపత్రికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ పోలేదని కొనేవాడికి ఒట్టేసి చెప్తున్నాడు. వెనక సీటు ఎత్తితే కింద మేకల పెంట. బాలప్ప వంగి చూసి, "డాక్టరు మంచోడే, పేషెంట్లే నాలుగు కాళ్లోళ్లు" అన్నాడు.

కానీ వినండి, ఆ జీపు చెడ్డది కాదు. కొన్నవాడు ఏళ్ల తరబడి తిప్పాడు. అబద్ధం చెప్పేవాడి బండి చెడ్డదనీ, నిజం చెప్పేవాడి బండి మంచిదనీ అనుకోకండి. మాట మనిషిది, తుప్పు బండిది. రెండూ వేరువేరుగా చూడాలి. సిరవారలో నాకు ఇది మళ్లీ తెలిసొచ్చింది. ఇవాళ చెప్పాలనుకున్నది ఆ సంగతే.

ఖాజా తెచ్చిన హల్కా మాలు

థర్మల్‌లో మురళి అని ఇంజనీరు ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి, నెమ్మదైనవాడు. ఇంజను పని స్వయంగా చేసుకునేవాడు, ఎంత మసి అంటినా మొహం వాడేది కాదు. ఒకరోజు షాపుకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నర్సమ్మ గారూ, నాకో పాత కారు కావాలి. రెండే సీట్లు చాలు. బరువు లేనిది కావాలి."

"ఎవరెవరు పోతరు సారు అండ్ల?"

"నేనే. మద్రాసు దగ్గర రేసు బాట ఉంది. కొన్ని రోజుల్లో మనలాంటి వాళ్లని కూడా సొంత కారు తెచ్చుకుని నడపనిస్తారు. పోటీ కాదు, బహుమతి లేదు. మలుపులో కారు ఎంత బాగా తిరుగుతుందో చూసుకోవడమే."

బాలప్ప మిషను ఆపాడు. "మల్ల యాడికి పోతరు సారు?"

"ఎక్కడికీ పోం. గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం."

"గానుగ ఎద్దు గూడ గదే జేస్తది సారు. దానికి మద్రాసు దాక ఎందుకు?"

మురళి పగలబడి నవ్వాడు. నవ్వి, ఓపిగ్గా చెప్పాడు కూడా. బరువు తక్కువ ఉన్న బండి మలుపులో మాట వింటుందట, బ్రేకు వేస్తే వెంటనే నిలుస్తుందట, టైరు తొందరగా అరగదట. దానికి పెద్ద ఇంజను అక్కర్లేదట. నాకు నచ్చింది. మనుషులకైనా అంతే కదా అనుకున్నాను.

ఆయన భార్య పద్మ కాలనీ బడిలో లెక్కల టీచరు. మర్నాడు ఆమె వచ్చింది.

"నర్సమ్మా, ఈయనకి కారు కనిపిస్తే కళ్లు కనపడవు. ఒప్పుకున్నాను, కానీ ఒక షరతు మీద. ఏ బండి అయినా మీరు సీట్లు విప్పి చూడాలి. మీరు సరేనంటే కొంటాడు. కాదన్నారంటే ఈ సరదా అక్కడితో సరి, ఇంకో బండి మాట కూడా ఉండదు. ఆయన ఒప్పుకున్నాడు."

"గంత బరువు నా మీద పెడ్తవా పద్మమ్మ?"

"ఆ బాట మీద ఎంత వేగంగా పోతాడో నాకు తెలీదు. మనిషి ఇంటికి రావాలి. నాకు అంతే."

దలాల్ ఖాజాకు కబురు పెట్టాం. పాత బండ్ల బేరాల్లో జిల్లా మొత్తం వాడికి తెలుసు. ఖాజాది దక్కనీ ఉర్దూ. మురళికి ఉర్దూ కొంచెమే వచ్చు. తేలికైన బండి అని చెప్పాలనుకుని, "హల్కా గాడీ హోనా" అన్నాడు. ఖాజా మొహం ఏదోలా పెట్టి, సరే అని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు మస్కి రమ్మన్నాడు. పోయి చూస్తే సంత పక్కన ఒక కారు. డోరు తాడుతో కట్టి ఉంది. అద్దం బదులు రేకు. లోపల కూర్చుంటే కాళ్ల మధ్యలోంచి నేల కనిపిస్తోంది.

"ఏందిరా ఖాజా ఇది?" అన్నాను.

"హల్కా మాంగే, హల్కాచ్ లాయా అక్కా! ఇంతకంటే హల్కా మాలు జిల్లాల లేదు. పెద్ద సార్ ఉండి ఇసొంటి గాడీ ఎందుకు అడుగుతుండు అని నాకే షరమ్ అయ్యింది."

అప్పుడు అర్థమైంది నాకు. మా వైపు హల్కా అంటే బరువు తక్కువ అని ఎవరూ అనుకోరు. హల్కా మనిషి, హల్కా మాట, హల్కా బుద్ధి. నాసిరకం అని అర్థం. తెలుగులోనూ అంతే, మనిషిని తేలిక చేశామంటే తక్కువ చేశామనే.

"అరే, సారుకు హల్కా గాడీ కాదు, తూకంల తక్కువ ఉండే గాడీ కావాలె," అన్నాను.

ఖాజా నెత్తి కొట్టుకున్నాడు. "అట్ల చెప్పాలె గదా! తూకంల తక్కువ అంటే సిరవారల ఉంది. మిల్లు రావు గారి బొమ్మ కారు!"

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, గిరాకీ చెప్పే మొదటి మాటను పట్టుకుని పరిగెత్తకండి. ఇంకోలా మళ్లీ అడగండి. మెత్తగా కుట్టు అంటే ఫోమ్ మెత్తగానా, బట్ట మెత్తగానా? అడగకపోతే మస్కి సంతలో నిలబడతారు.

సిరవార కాటా మీద

వెంకట్రావు గారిది సిరవారలో రైసు మిల్లు. కాలువ వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. మిల్లు షెడ్డులో టార్పాలిన్ తీసి చూపించాడు. ఎర్రటి కారు, నా నడుము ఎత్తు కూడా లేదు. రెండే సీట్లు, గుడ్డ టాపు, ఇనుప పైపుల చట్రం మీద ఫైబర్ ఒళ్లు. ఎక్కడో చిన్న కార్ఖానాలో కొన్నే తయారుచేశారట. మురళి దాని చుట్టూ తిరుగుతుంటే పెళ్లిచూపుల్లో పిల్లవాడిలా ఉన్నాడు.

"ఎందుకు అమ్ముతున్నారండి?" అని అడిగాడు.

"మోకాళ్లు బాబూ. ఎక్కడం నేనే ఎక్కుతాను. దిగాలంటే ఇద్దరు హమాలీలు కావాలి. సాయంత్రం కాలువ గట్టు మీద దీన్లో వెళ్తుంటే ఆ గాలి... సర్లెండి, అయిపోయింది."

"ఇలాంటి తేలిక బండి కోసమే తిరుగుతున్నానండి," అన్నాడు మురళి సంతోషంగా.

రావు గారి మొహం ముడుచుకుంది. "తేలికేంటండీ! మాటలు చూసుకోండి. వచ్చినప్పుడు తేలికే. లారీ పక్క నుంచి పోతే కాగితంలా ఊగేది. నేను గట్టి చేయించాను. కావాలంటే కాటా మీద పెట్టండి!"

మిల్లులో లారీలు తూచే కాటా ఉంది కదా. వడ్ల లారీని పక్కకు తీయించి ఈ చిన్న కారును దాని మీదికి తోశారు. ఏనుగు అంబారీ మీద పిల్లి కూర్చున్నట్టుంది. మురళి అంకె చూశాడు, మళ్లీ చూశాడు.

"ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉంది."

"ఎంత సారు?"

"ఎప్పుడూ ఒక మనిషి ఎక్కి, ఆ మనిషి ఒళ్లో ఇంకొకరు కూర్చున్నంత."

"అదేనండి ఇనుము!" రావు గారు చేతులు చాపాడు. "కింద పలక వేయించా. ముందు గార్డు. వెనక ట్రాక్టరుకు వేసే చానెలు. ఇప్పుడు లారీ కాదు, గాలివానొచ్చినా కదలదు."

మా జిల్లాలో బండి కొన్నవాడు మొదట చేసే పని దానికి ఇనుము తొడగడం. మోటారు సైకిలుకు గార్డు, ఆటోకు గార్డు, దాని గార్డుకు ఇంకో గార్డు. మేమూ దాని మీదే బతికాం. ఒకడు ఇనుము వేస్తే, దాని మీద మేం పరుపు వేశాం. బండిలోంచి ఏదైనా తీసేయమని అడిగిన మొదటి గిరాకీ మురళి.

"తీసేస్తే సరిపోతుంది. లోపల అసలు బండి ఉంది కదా," అన్నాడు ఆయన. కళ్లు మెరుస్తున్నాయి.

"ముందుగాల సీటు విప్పుత సారు," అన్నాను.

డ్రైవరు సీటు బోల్టులు చట్రంలోకి కాక పలకలోకి బిగించి ఉన్నాయి. పలక అంచు ఎత్తాం. దాని కింద కొబ్బరి పీచు పరుపు, కాళ్లకు మెత్తగా ఉంటుందని వేయించినది. నల్లగా నాని ఉంది. తడి గోనె వాసన. గుడ్డ టాపు డ్రైవరు వైపు కారుతోంది, వాన నీళ్లు పీచులోకి దిగాయి, పైన పలక ఉంది కనుక ఆరే దారి లేదు. నా దగ్గర దబ్బనం ఉంది, రెక్సిన్ కుట్టే పెద్ద సూది. దాన్ని కింది పైపుకు ఆనించి నొక్కాను. మాగిన జామపండులో దిగినట్టు దిగింది.

రెండో వైపు కొట్టి చూస్తే ఠంగుమంది. డ్రైవరు వైపు మాత్రమే పోయింది.

మురళి నా చేతిలోంచి దబ్బనం తీసుకుని తానూ పొడిచి చూశాడు. ఒకచోట, ఇంకోచోట. తరువాత దబ్బనం తుడిచి నాకు ఇచ్చేశాడు. మలుపులో మనిషి బరువంతా సీటును పక్కకు లాగుతుందని నాకు చెప్పింది ఆయనే. ఆయనకు మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

వద్దు అనే మాట

"అతికిస్తే బాగవుతుంది నర్సమ్మ గారూ. నేను చేయించగలను," అన్నాడు మెల్లగా.

"చేపియ్యి సారు. చేసినంక అడుగు."

"ఇవాళ పద్మ అడిగితే?"

"ఏం చూసిన్నో గదే చెప్త. ఇయ్యాల అడిగితే వద్దంట."

రావు గారికి కోపం వచ్చింది. "మా ఆడపిల్లల్ని తిప్పాను తల్లీ ఈ బండిలో! పుచ్చిపోయిందంటావా?"

"మీ బండి చెడ్డది కాదు అయ్యగారు. మీరు చేపిచ్చిన బందోబస్తు కింద నీళ్లు నిల్చినయ్."

అక్కడ అందరి మొహాలూ నన్నే చూస్తున్నాయి. రాగానే మాకు మజ్జిగ ఇచ్చిన చేతులు, ఆశ పెట్టుకున్న కళ్లు. ఖాజా అయితే దలాలీ పోయిందని నేల చూస్తున్నాడు. ఈ పనిలో కుట్టు కష్టం కాదు పిల్లలూ, కత్తిరింపు కష్టం కాదు. వద్దు అనడం కష్టం. నేను నేర్చుకున్నది చెప్తాను. వద్దన్నప్పుడు కారణం ఒక్కటే చెప్పండి. మూడు చెప్తే బేరం మొదలవుతుంది.

బస్సులో మురళి కిటికీలోంచి వరిపొలాలు చూస్తూ వచ్చాడు. కాలనీలో ఇంటి ముందు పద్మ నిలబడి ఉంది. నేను నోరు తెరిచేలోగా ఆయనే చెప్పాడు.

"వద్దన్నారు. సరిగ్గానే అన్నారు. సీటు కింద పైపు పోయింది."

నేను చెప్పేదాకా ఆగినా సరిపోయేది. తన కోరికను తన నోటితోనే కాదనుకున్నాడు. పద్మ ఆయన మొహం చూసింది. "చేతులు కడుక్కోండి, అన్నం పెడతాను," అంది. షరతు గెలిచిన మనిషి గొంతులా లేదు అది.

చైన్ పుల్లీ

కొన్నాళ్లకు మా షాపు ముందు ట్రాక్టరు ఆగింది. ట్రాలీ మీద ఎర్ర కారు. ట్రాక్టరు మీంచి రావు గారు ఇద్దరి భుజాలు పట్టుకుని దిగాడు.

"మీరెళ్లాక ఆ పలక మొత్తం విప్పించాను నర్సమ్మా. వేళ్లతో నలిపితే పైపు పొడి అయింది. రోజూ ఆ సీట్లో కూర్చుంది నేనే. ఆ కుర్రాడు కొనకపోతే పోనీ. రావు గారి బండి పుచ్చిందన్న మాట సిరవారలో మిగలకూడదు. ముందు బాగుచేయించండి. తరువాత సంగతి తరువాత."

పద్మకు చెప్పాం. "ఇంకో బండి కాదు, అదే బండి కదా, బాగు చేసుకోనీండి. కొనే మాట మాత్రం అప్పుడే కాదు," అంది.

థర్మల్‌లో బాయిలరు పైపులు అతికే శరణప్ప ఉండేవాడు. బాయిలరులో అతుకు తెగితే ఏమవుతుందో తెలిసిన చెయ్యి అది. మురళి పుచ్చిన ముక్క కొలతలు గీసి ఇచ్చాడు, డ్యూటీ దిగాక పక్కనే కూర్చుని పట్టకారు అందించాడు. రావు గారు వేయించిన గార్డు, చానెలు తీసేశారు. పోయిన పైపు కోసేసి కొత్తది వేశారు. సీటు బోల్టులు ఈసారి చట్రంలోకే దిగాయి. తలల వెనక వంపు పైపు కూడా పెట్టారు, బండి బోర్లా పడితే తల నేలకు తగలకుండా.

పద్మ వచ్చింది. "ఇప్పుడు సరేనా?" అని నన్నే అడిగింది. మురళి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ గుడ్డ అప్పటికే మసిగుడ్డ, ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

"అతుకు సంగతి నాకు తెల్వదు పద్మమ్మ. శరణప్పకు తెల్సు. నాకు సీటు సంగతే ఎర్క. ఒక పని చేద్దాం. సీటును పట్టి బండిని లేపుదాం."

"ఏంది?" అన్నాడు బాలప్ప. "చెవి పట్టి మేకను లేపినట్టా?"

మురళి నవ్వబోయి ఆగాడు. మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. "లేపొచ్చు. ఒక పక్క చక్రాలు లేచినా చాలు, మలుపులో పడే లాగుడు కంటే ఎక్కువే పడుతుంది. తేలిక బండి కాబట్టి కుదురుతుంది, వేరే బండితో కుదరదు."

పక్క మెకానిక్ షెడ్డులో ఇంజన్లు దింపే చైన్ పుల్లీ ఉంది. డ్రైవరు సీటు చట్రానికి గొలుసు చుట్టాం. మురళి తానే లాగుతానన్నాడు. పద్మ వద్దంది, ఖాజాను లాగమంది. గొలుసు బిగిసింది. సీటు కిర్రుమంది. రావు గారు కళ్లు మూసుకున్నాడు. స్ప్రింగులు సాగాయి, బండి ఒళ్లు లేచింది, టైర్లు మాత్రం నేలనే పట్టుకుని ఉన్నాయి. ఖాజా నన్ను చూశాడు.

"లాగు," అన్నాను.

ఇంకొంచెం. ఇంకొంచెం. పద్మ టీచరమ్మ, చీర మట్టి అవుతుందని కూడా చూడకుండా మోకాళ్ల మీద వంగింది. కాలి చెప్పు తీసి టైరు కిందికి జరిపింది. చెప్పు ఇటు నుంచి అటు వచ్చింది. వెనక టైరు కింద కూడా జరిపి చూసింది. అక్కడా వచ్చింది. సీటు ఉన్నచోటే ఉంది.

"దింపు ఖాజా," అన్నాను. "తీసుకో సారు. నేను సరే అంటున్న."

మురళి అప్పటికే గొలుసు విప్పుతున్నాడు. రావు గారు మాత్రం కళ్లు తెరిచి, "ఏవైంది, ఏవైంది?" అని అందరినీ అడుగుతున్నాడు.

మెత్తదనం

ఆ సంతోషంలో నేను సీటును నా ప్రేమ కొద్దీ కుట్టాను. మూడు వేళ్ల మందం ఫోమ్, రెండు వరసల కుట్టు, ఎర్ర పైపింగు. మురళి హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాడు. తల వెనక పెట్టిన వంపు పైపు కంటే పైకి వచ్చేసింది. కుండ బోర్లించిన దిష్టిబొమ్మలా ఉన్నాడని పద్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నర్సమ్మ గారూ, బండి జారేది ముందు నడుముకు తెలుస్తుంది, తరువాతే చేతులకు. మధ్యలో ఇంత పరుపు ఉంటే నాకు కబురు ఆలస్యంగా చేరుతుంది."

అన్నేళ్లు మెత్తదనమే పని అనుకున్నాను. ఆ రోజు విప్పి, వేలు మందం కూడా లేకుండా, పక్కల నుంచి పట్టుకునేలా కుట్టాను. నా చేతిలో అంత పలచని సీటు ఇంకోటి కాలేదు, అంత బాగా కుదిరినదీ కాలేదు. ఎవరి నడుముకు ఏం కావాలో ఆ నడుమునే అడగాలి.

రెండో సీటు బరువని తీసేసి మా షాపు అటక మీద పెట్టారు. కారును లారీలో వేసుకుని వాళ్లిద్దరూ మద్రాసు వెళ్లి వచ్చారు. వెళ్లేముందు పద్మ మొహం ఎలా ఉందో చూశాను కనుక, వచ్చారని తెలిసేదాకా నాకు మిషను మీద చెయ్యి కుదరలేదు.

వచ్చిన మర్నాడు షాపు తెరుస్తుంటే పద్మ ఒక్కతే వచ్చింది. ఎండకు మొహం కమిలి ఉంది. స్టూలు మీద కూర్చుంది.

"ఎట్లుండె పద్మమ్మ?"

"మొదటి చుట్టు కళ్లు మూసుకున్నాను. రెండో చుట్టు ఒక కన్ను తెరిచాను." చెంగుతో మొహం తుడుచుకుంది. "తరువాత తరువాత, ఆయన ఆ మలుపు తిరగడం చూస్తుంటే, మా బళ్లో పిల్లలు సున్నా చుట్టడం నేర్చుకున్న రోజు గుర్తొచ్చింది. అంత శ్రద్ధ."

తరువాత అటక మీదికి చూసింది.

"ఆ రెండో సీటు దింపండి. నా కొలతకు కుట్టాలి."

వెనకే వచ్చిన మురళి గుమ్మంలో నిలబడిపోయాడు. "బరువు పెరుగుతుంది పద్మా."

"పెరగనీండి," అంది.

కొలత టేపు తీశాను. ఆ సీటు కూడా చట్రంలోకే బిగించాం.

ఇంక పోయి రండి పిల్లలూ, మీ చేతులు చల్లగా ఉండాలి. మీ ఇంటి మనుషులు పగలు ఎంత వేగంగా ఎటు తిరిగినా మాపటికి ఒక్కొక్కరూ మీ గడప లోపలికి రావాలి. మీ ఇంట్లో కూర్చునే చోటు చాలనంత మంది చుట్టాలు రావాలి, వచ్చిన ప్రతివాళ్లకూ మీరు చోటు చెయ్యాలి.